వెన్నెల మోతాదు

చంద్రునికి మన నిఘంటువులు కట్టబెట్టిన పేర్లను ఒక్కసారి తలచుకోండి. సుధాకరుడు, హిమకరుడు, శీతాంశువు, నిశాకరుడు, రజనీకరుడు. ఈ పేర్లన్నీ ఆయనను స్వయంగా వెలుగు కురిపించేవానిగా, రాత్రికి కర్తగా చెబుతాయి. ఉద్యోగకాలమంతా ఈ పర్యాయపదాలను పిల్లలచేత వల్లె వేయించినవాడిని కనుక నాకు వాటిపై మమకారమే. అయితే కెమెరాను చంద్రుని వైపు తిప్పినవారికి మాత్రం ఇవి దారి తప్పిస్తాయి. ఆయన నిశాకరుడని నమ్మి, రాత్రి దృశ్యానికి తగినంత సేపు కెమెరా కన్ను తెరచి ఉంచితే చిత్రంలో చంద్రుడు దక్కడు, సున్నపు ముద్ద దక్కుతుంది. కుందేలు ఉండదు, మచ్చ ఉండదు, అంచున గరుకుదనం ఉండదు.

ఛాయాగ్రాహకులు ఎక్స్‌పోజర్ అనేదానిని ఈ వ్యాసంలో మోతాదు అంటాను. మందు మోతాదు వంటిదే ఇదీ. తక్కువైతే పని చేయదు, ఎక్కువైతే చెరుపు చేస్తుంది. చంద్రుని విషయంలో ఈ మోతాదును మనుషులు ఎట్లా కనుగొన్నారు, ఆ కథలో మన తెలుగునేలకు దక్కిన పాలెంత అన్నది మిత్రులతో పంచుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్-3 ల్యాండరు విక్రమ్ చంద్రుని దక్షిణ ప్రాంతంలో దిగింది. ఆనాడు శుక్ల సప్తమి. ఆకాశంలో ఇంచుమించు సగం చంద్రుడు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో షిఫ్టు పని చేసుకునే నా పూర్వ విద్యార్థి ఒకడు డాబా ఎక్కి, మబ్బు విడిచిన సందున ఫోనుతో నాలుగైదు చిత్రాలు తీసి నాకు పంపాడు. వెంటనే ఫోను కూడా చేశాడు. "సార్, కండ్లకైతే మచ్చలు మంచిగనే కనబడుతున్నయ్. ఫోన్ల మాత్రం బల్బు లెక్క వస్తున్నది. ఫోన్ ఖరాబైందా సార్?" అని అడిగాడు.

ఫోనులో లోపమేమీ లేదు. ఫోను మన స్థాలీపులాక న్యాయాన్ని మరచి నడిచింది, అంతే. కుండలో అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని గదా ఆ న్యాయం. కెమెరాలోని కొలమానం అట్లా ఒక్క మెతుకును పట్టదు, కుండనంతా కలిపి సగటు తీస్తుంది. చిత్రంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు నల్లని ఆకాశమే ఉన్నప్పుడు ఆ సగటు ఏమి చెబుతుంది? 'ఇక్కడంతా చీకటి, కన్ను ఎక్కువసేపు తెరువు' అంటుంది. ఆ కొలమానం లోకమంతా ఓ మోస్తరు బూడిదరంగులో ఉంటుందనే లెక్కమీద తయారైనది. అది నలుపును బూడిదగా మార్చబోతుంది, ఆ ప్రయత్నంలో చంద్రుడు కాలిపోతాడు. తెరమీద చంద్రుని బింబంపైనే వేలు పెట్టి, అక్కడే వెలుతురును కొలిపించి, ఆపైన దానిని ఇంకా కిందికి తగ్గించమని చెప్పాను. అంటే ఆ ఒక్క మెతుకునే పట్టి చూడమని. కాసేపటికి మరొక చిత్రం వచ్చింది. చిన్నదే. కాని అందులో మచ్చలు ఉన్నాయి. 1969లో అపోలో 11 దిగిన ప్రశాంత సముద్రం ఆ వెలిగిన సగంలోనే ఉన్నది.

ఈ చిన్న ఉపాయం వెనుక ఉన్న సత్యం ఒక్కటే. చంద్రుడు దీపం కాదు. ఎండలో పడి ఉన్న రాయి. మనకు రాత్రి అయిన వేళ కూడా, వెలిగి కనబడే ఆ ముఖాన పగలే. ఈ మాట మన పూర్వులకు తెలియనిది కాదు. సూర్యుని కిరణమొకటి చంద్రుని వెలిగిస్తుందని యాస్కుని నిరుక్తం చెప్పింది. ఆర్యభటుడు, వరాహమిహిరుడు చంద్రకాంతి సూర్యునిదేనని స్పష్టంగా వ్రాశారు. వరాహమిహిరుడు అద్దాన్ని ఉపమానంగా తెచ్చాడు. అయితే ఆ ఉపమానం ఒకచోట సరిపోదు. చంద్రుడు అద్దమంత మెరిసేవాడు కాడు. తనమీద పడిన వెలుగులో వందకు పన్నెండు పాళ్ళు మాత్రమే వెనక్కు పంపుతాడు. మా సంగారెడ్డి చౌరస్తా మీదుగా పోయే ముంబై రహదారిలో తారు పాతబడి బూడిదరంగుకు తిరిగిన చోటు ఉంటుందే, ఎండలో అది ఎంత తెల్లనో చంద్రుడు ఇంచుమించు అంత తెల్లన. చుట్టూ నల్లని ఆకాశం ఉన్నందువల్ల మన కంటికి కర్పూరంలా తోస్తాడు. పున్నమి వెన్నెల ఎండలో సుమారు నాలుగు లక్షల వంతు. కాని అది నేలమీద పడే వెన్నెల లెక్క. చంద్రబింబాన్నే చిత్రం తీసేటప్పుడు ఆ లెక్కతో పని లేదు. పెద్ద వస్తువు ఎంత దూరం జరిగినా దాని పరిమాణం చిన్నదవుతుందే గాని, మిగిలిన బింబపు మెరుపు తగ్గదు. కనుక నాలుగు లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న ఎండరాతికీ, మన వాకిట్లో ఎండలో ఉన్న రాతికీ మోతాదు ఒకటే.

ఈ సత్యం తెలిసి ఉండీ తొలితరం ఛాయాగ్రాహకులు నానా అవస్థలు పడ్డారు. కారణం వారి పలకల మందకొడితనం. 1839లో దగేర్ పద్ధతి లోకానికి వెల్లడైంది. వెండిపూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పడే పద్ధతి అది. మరుసటి యేడు, 1840లో, న్యూయార్కులో జాన్ విలియం డ్రేపర్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు చంద్రుని చిత్రం సాధించాడు. ఆయనకు పట్టిన కాలం 20 నిమిషాలు. భూమి తిరుగుడు వలన చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు చాలు. అంటే ఆ 20 నిమిషాలలో పది చంద్రబింబాల దూరం జరిగిపోతాడు. అందుకని డ్రేపరు చంద్రునితోపాటు అద్దాన్ని తిప్పే యంత్రాన్ని వాడవలసి వచ్చింది. 1851లో బోస్టన్ ఛాయాగ్రాహకుడు విపుల్, హార్వర్డు వేధశాలలోని 15 అంగుళాల దూరదర్శినితో తీసిన చంద్రుని చిత్రం లండన్ మహాప్రదర్శనకు వెళ్ళింది. దానిని చూసి ముచ్చటపడిన వారెన్ డి లా రూ అనే ఆంగ్లేయుడు, కాగితపు వ్యాపారం చేసుకునేవాడు, తానూ చంద్రుని వెంట పడ్డాడు. అప్పటికి తడి కొలోడియన్ పలక వచ్చింది. డ్రేపరుకు నిమిషాలు పట్టిన పని డి లా రూకు సెకన్లలో అయింది.

1860లో స్పెయినులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఆయన చిత్రాలు తీశాడు. గ్రహణవేళ చంద్రుని నల్లని అంచు చుట్టూ కనబడే ఎర్రని జ్వాలలు సూర్యునివా, చంద్రునివా అనే వివాదం అప్పటికి తేలలేదు. చంద్రుడు జరుగుతున్నకొద్దీ ఆ జ్వాలలు ఒకవైపు మరుగుపడి మరొకవైపు బయటపడటం పలకల మీద కనబడింది. అవి సూర్యునివేనని తేలింది. అవి దేనితో తయారైనవి అన్నది తరువాతి ప్రశ్న. దానికి సమాధానం వెతుక్కుంటూ ఈ కథ మన గుంటూరుకు వస్తుంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కనును దాటి తెలుగుతీరం మీదుగా బంగాళాఖాతంలోకి దిగింది. సంపూర్ణ దశ ఐదు నిమిషాలకు పైగా ఉండే అరుదైన గ్రహణం. మచిలీపట్నంలో మద్రాసు వేధశాల నుండి వచ్చిన నార్మన్ పాగ్సన్ నిలిచాడు. గుంటూరులో ఇద్దరు విడిది చేశారు. ఒకరు ఫ్రాన్సు నుండి వచ్చిన జాన్సెన్, మరొకరు మేజర్ టెనాంట్. గ్రహణాన్ని చిత్రం తీసే బాధ్యత టెనాంట్ బృందానిది. వెండిపూత అద్దంతో చేసిన 9 అంగుళాల దూరదర్శిని వారి సాధనం, తడి కొలోడియన్ పలకలు వారి సరంజామా.

ఆ పలకల సంగతి తెలిస్తేగాని వారి కష్టం మనకు అర్థం కాదు. గాజుపలకకు జిగట ద్రావకం పూయాలి. వెండి లవణపు నీటిలో ముంచాలి. తడి ఆరకముందే చిత్రం తీయాలి, ఆరకముందే చీకటిగదిలో కడగాలి. ఎండకాలం వంటి వేడిలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? ఇంత హడావుడి మధ్య మోతాదును మాత్రం ముందుగానే నిర్ణయించుకోవాలి. తప్పితే సరిదిద్దుకోవడానికి మళ్ళీ గ్రహణం రాదు. ఆనాటి ఉదయం గుంటూరు ఆకాశంలో పలుచని మబ్బు పరచుకున్నది. టెనాంట్ బృందం ఆరు పలకలు తీసింది. మబ్బు వెలుగును మింగినందున అన్నిటికీ మోతాదు చాలలేదు. మందమైన కాంతిగల కరోనా పలకలపై నిలవలేదు. ప్రకాశవంతమైన జ్వాలలు మాత్రం నిలిచాయి. అందులో కొమ్మువలె పైకి లేచిన జ్వాల ఒకటి 'మహాశృంగం' అన్న అర్థం వచ్చే పేరుతో ప్రసిద్ధికెక్కింది. కరోనాకు చాలని మోతాదు జ్వాలకు చాలింది. ఒకే పలక, ఒకే క్షణం. ఒక వస్తువుకు లోపమైనది మరొక వస్తువుకు సరిపోయింది.

అదే ఊరిలో జాన్సెన్ చేసిన పని మరీ విశేషం. ఆయన వర్ణపటదర్శినితో జ్వాలలను చూశాడు. వాటి వెలుగు ఇంద్రధనుస్సులా పరచుకోక, కొన్ని మెరిసే గీతలుగా కనబడింది. అంటే అవి మండుతున్న వాయువులు. ఆ గీతల మెరుపు చూసి, గ్రహణం లేకున్నా వీటిని చూడవచ్చునని ఆయనకు తోచింది. మరునాడు ఉదయం మామూలు ఎండలోనే చూశాడు, కనబడ్డాయి. ఇందులో కిటుకు మళ్ళీ మోతాదుదే. పగటి ఆకాశపు వెలుగు అన్ని రంగుల మిశ్రమం. దానిని పట్టకంతో పరచితే పలుచబడుతుంది. జ్వాల వెలుగు కొన్ని రంగులకే పరిమితం కనుక పరచినా పలుచబడదు. గ్రహణం రోజున చంద్రుడు అడ్డు నిలిచి చేసిన మేలును జాన్సెన్ ఒక గాజుముక్కతో సాధించాడన్నమాట. అదే సంవత్సరం ఇంగ్లండులో లాక్యర్ కూడా స్వతంత్రంగా ఈ మార్గాన్నే కనుగొన్నాడు. జ్వాలల గీతలలో ఒక పసుపు గీత తరువాతి కాలంలో హీలియం అనే మూలకానికి దారి చూపింది.

ఇక మన హైదరాబాదుకు వద్దాము. 1901లో నవాబు జఫర్ జంగ్ ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పాడు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. బేగంపేటలో అది నిజామియా వేధశాలగా స్థిరపడింది. ఆకాశాన్ని మొత్తం ఛాయాచిత్రాలుగా తీసి, చుక్కల పట్టికను తయారుచేయాలని పారిస్ కేంద్రంగా సాగిన మహాప్రణాళికలో దక్షిణాకాశపు 17 నుండి 23 డిగ్రీల పట్టీ మన వేధశాల వంతుకు వచ్చింది. మొదట ఆ పట్టీని చిలీలోని శాంటియాగోకు కేటాయించారు, అక్కడ పని సాగక మనకు దక్కింది. 8 అంగుళాల కెమెరా దూరదర్శినితో యేళ్ళ తరబడి ఈ పని చేశారు. 1918 నుండి 1944 దాకా అధిపతిగా ఉన్న టి.పి. భాస్కరన్ కాలంలో ఇది ముమ్మరంగా నడిచింది. వేధశాల తన వంతుగా 12 సంపుటాలు వెలువరించింది.

ఆ ప్రణాళికలో నాకు నచ్చిన సంగతి పట్టిక పలకల మోతాదు. ఒకే పలకపై మూడుసార్లు, ప్రతిసారీ కొద్దిగా జరిపి చిత్రం తీయడం సాధారణ నియమం. ఒకసారి 6 నిమిషాలు, ఒకసారి 3 నిమిషాలు, ఒకసారి 20 సెకన్లు. మసక చుక్క పడేంత సేపు ఉంచితే మెరుపు చుక్క ఉబ్బిపోతుంది. మెరుపు చుక్కకు తగినట్లు తీస్తే మసక చుక్క పడదు. అందుకని ఒక్క మోతాదును నమ్ముకోక మూడు సాక్ష్యాలు తీసుకున్నారు. ఈ పనిలో చంద్రుడు అతిథి కాదు, ఆటంకం. ఆయన వెన్నెల ఆకాశాన్నంతా తెల్లబరచి పలకను మసకబరుస్తుంది. అయినా నిజామియావారు చంద్రుని విడిచిపెట్టలేదు. నక్షత్రాలను చంద్రుడు మరుగుపరచే క్షణాలను పెద్ద దూరదర్శినితో గమనించి నమోదు చేయడం వారి నిత్యకృత్యాలలో ఒకటి.

కాలక్రమాన నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి. బేగంపేట ఆకాశం చుక్కలకు పనికిరాకుండా పోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నగరానికి ఆగ్నేయంగా దూరాన జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నెలకొల్పవలసి వచ్చింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఆ రంగాపూర్ మీదుగానే సాగింది. గుంటూరు పలకల తరువాత నూటపదకొండేళ్ళకు మళ్ళీ తెలుగునేలపై శాస్త్రజ్ఞులు కరోనాకు ఎంత, జ్వాలకు ఎంత అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నారు.

ఇరవయ్యవ శతాబ్దంలో ఫిల్ము వేగం పెరిగి, మోతాదు సామాన్యుని చేతికి అందింది. అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూమెక్సికోలో ఒక పల్లె మీద చంద్రోదయాన్ని తీసిన చిత్రం జగత్ప్రసిద్ధం. పొద్దు వాలిపోతున్నది, శ్మశానంలోని శిలువలపై వెలుగు జారిపోతున్నది, కొలమానం చేతికి దొరకలేదు. చంద్రబింబపు మెరుపు ఎంతో ఆయనకు కంఠస్థం. ఆ ఒక్క అంకెతో లెక్క కట్టి చిత్రం తీశాడు. రెండవ పలక తీసేలోగా వెలుగు పోయింది. కంఠస్థం చేయడాన్ని ఎగతాళి చేసేవారికి నేను ఈ కథ చెబుతుంటాను.

ఆయన కంఠస్థం చేసినదాని తేలికైన రూపం ఇది. మంచి ఎండలో ఉన్న వస్తువుకు కటకపు కంత ఎఫ్ 16 వద్ద పెట్టి, ఐ.ఎస్.ఓ. సంఖ్య ఎంతో సెకనులో అన్నో వంతు కాలం ఇస్తే సరిపోతుందని పాత సూత్రం. చంద్రుడు సగటు వస్తువుకన్నా నల్లన కనుక ఒక మెట్టు ఎక్కువ ఇచ్చి ఎఫ్ 11 పెట్టాలి. ఐ.ఎస్.ఓ. 100 అయితే సెకనులో వందవ వంతు. ఇది నిండు చంద్రునికి. అర్ధచంద్రునికి ఎఫ్ 5.6 కావాలి. బింబం సగమైతే మోతాదు కూడా సగంతో సరిపోదా అని అడగవచ్చు. పున్నమినాడు సూర్యుడు మన వెనుకనుండి చంద్రునికి ఎదురుగా వెలుగు వేస్తాడు, నీడలు కనబడవు. సప్తమినాడు పక్కనుండి వేస్తాడు, ప్రతి గుట్టకూ గుంటకూ నీడ పడుతుంది. అందుకే సగం చంద్రుడు నిండు చంద్రునిలో సగం వెలుగు ఇవ్వడు, పదోవంతుకు అటూ ఇటూగా ఇస్తాడు. గుంటలు, కొండలు చూడాలనుకునేవారికి మాత్రం సప్తమి, అష్టములే మేలు. పున్నమినాటి చిత్రంలో మచ్చలుంటాయి, లోతు ఉండదు.

చంద్రునిపై వ్యోమగాములు తీసిన చిత్రాలలో చుక్కలెందుకు లేవని ఇప్పటికీ అడిగేవారున్నారు. జవాబు ఇందులోనే ఉన్నది. వారు నిలిచినది పట్టపగటి ఎండలో. సెకనులో 250వ వంతు మోతాదుతో తీశారు. అంత కొద్ది సేపట్లో చుక్క పలకపై పడదు. చుక్కలు పడేంత సేపు తెరిస్తే మనిషీ, నేలా తెల్లబడి మాయమయ్యేవి.

మా ప్రాంతానికి వస్తే ఇంకొక లెక్క చేరుతుంది. వేసవి పున్నములలో సంగారెడ్డి నుండి చూసేవారికి చంద్రుడు సరిగా పటాన్‌చెరు దిక్కున ఉదయిస్తాడు. క్షితిజం మీది చంద్రుని వెలుగు, నడినెత్తిన ఉన్నప్పటికంటే సుమారు 38 రెట్ల గాలిపొరను దాటి రావాలి. ఆ పొరలో దుమ్ము ఉన్నది, చలికాలమైతే పొగమంచు ఉన్నది, పొగగొట్టాలు విడిచినది ఉన్నది. నీలం చెదిరి ఎరుపు మిగులుతుంది. రాగిపళ్ళెం లాంటి ఆ చంద్రునికి పై సూత్రం చాలదు, మోతాదు పెంచాలి. పైకి వస్తున్నకొద్దీ తగ్గించుకుంటూ పోవాలి. గుంటూరు పలుచమబ్బు పాఠం మాకు ప్రతి చంద్రోదయానా ఉన్నదన్నమాట.

పొగగొట్టాలూ చంద్రుడూ ఒకే చిత్రంలో కావాలంటే పున్నమి పనికిరాదు. చంద్రుడు లేచేసరికి నేల చీకటైపోతుంది. చంద్రునికి తగిన మోతాదులో ఊరు నల్లబడుతుంది, ఊరికి తగినదానిలో చంద్రుడు కాలిపోతాడు. ముందురోజు, చతుర్దశి సాయంత్రం, చంద్రుడు పొద్దు గుంకకముందే లేస్తాడు. అప్పుడు నేలమీదా చంద్రునిపైనా వెలుగు ఇంచుమించు సమం. అమరకోశం కళలన్నీ నిండిన పున్నమిని రాక అనీ, ఒక కళ తక్కువైనదానిని అనుమతి అనీ వేరుచేసి చెప్పింది. ఇన్నాళ్ళూ ఈ భేదాన్ని పరీక్షలకోసం చెప్పాను గాని, చంద్రునీ నేలనూ ఒకచోట చేర్చడానికి ఆకాశం ఇచ్చే అనుమతి అదేనని ఇప్పుడు తోస్తున్నది.

1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వెలిసింది. ఆ తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారాలలో కర్మాగారాలు బారులు తీరాయి. నక్కవాగు నీరు చెడిపోయి, ఆ గోడు 1990లో సుప్రీంకోర్టుకు ఎక్కింది. వాగు గురించి కనీసం వ్యాజ్యం నడిచింది. ఆకాశం గురించి ఎవరూ అడగలేదు. బేగంపేట వేధశాల నుండి చుక్కలను తరిమిన వెలుగే మా పైకీ వచ్చింది. నా చిన్ననాడు వాకిట్లో మంచం వేసుకుని చూసిన పాలపుంత ఇక్కడి పిల్లలకు పుస్తకంలో బొమ్మ మాత్రమే. సప్తర్షులను చూపించబోతే నలుగురో ఐదుగురో కనబడతారు.

చంద్రుడు ఒక్కడే మిగిలాడు. ఎన్ని దీపాలు పెట్టినా ఎండలోని రాతిని అవి ఓడించలేవు. షిఫ్టు దిగి డాబా ఎక్కిన పిల్లవానికి ఆకాశంలో ఇంకా పర్వతాలు, మైదానాలు ఉన్న లోకమొకటి కంటికి అందుతున్నదంటే అది చంద్రుని వల్లనే. అందుకే ఆ ఒక్కనిని సున్నపు ముద్దగా కాక, ఉన్నవానిని ఉన్నట్లుగా పట్టుకోవడం పిల్లలకు నేర్పవలసిన విద్య అని నా నమ్మకం. రాబోయే చతుర్దశికి మిత్రులు కూడా మీ ఊరి గుడిగోపురంతోనో, చెరువుగట్టుతోనో కలిపి ప్రయత్నించండి. మోతాదు ఎంత పెట్టారో పక్కన వ్రాసిపెట్టుకోవడం మరువకండి.